గంటల గోపురంలో గాజుబద్ద

వెల్బరీలో ఏ వీధికి వెళ్లినా క్రెస్విక్ గారు కట్టిందేదో ఒకటి ఎదురొస్తుంది. బడి, ధాన్యం మండీ, రైలుస్టేషను, చుట్టుపక్కల పదకొండు చర్చిలు. ముప్పై ఏళ్లలో తన గోడ ఒక్కటీ బీటలివ్వలేదని ఆయనకు మహా గర్వం. పన్నెండేళ్లుగా ఆయన దగ్గర నక్షాలు గీస్తున్న నాకూ కాస్త ఉండేది.

అందుకే ఆయనే కట్టిన సెయింట్ ఓస్విన్ చర్చి గంటల గోపురంలో బీట కనిపించినప్పుడు ఇద్దరికీ తిండి సయించలేదు. ఇలాంటప్పుడు బీటకు అడ్డంగా సన్నని గాజుబద్ద సిమెంటుతో అతికిస్తాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. వారం రోజులుగా విరగలేదు. మర్నాడు ఆదివారం, బిషప్ గారు వస్తున్నారు. ఎనిమిది మంది ఆ గోపురం కిందే నిలబడి గంటలు మోగిస్తారు.

శనివారం సాయంత్రం నాలుగింటికి, పొగమంచులో, చివరిసారి చూద్దామని వెళ్లాను. లోపల తడి సున్నం వాసన. గాజు నిక్షేపంలా ఉంది. అతుకు మీద బొటనవేలు పెట్టాను... మెత్తగా దిగబడింది. వారం కిందటి సిమెంటు ఇంకా తడిగా ఎలా ఉంటుంది?

"పొద్దున్నే మార్చానోయ్ ప్రింగిల్," వెనక బెంచీ మీంచి క్రెస్విక్ గారి గొంతు. "రోజూ మారుస్తూనే ఉన్నా."

"కింద ఎనిమిది మంది ఉంటారండీ. మీ పరువు కోసం వాళ్లని చంపుతారా?"

"గోడ వెంట్రుకంత కూడా కదల్లేదు, కొలిచాను. గాజు విరిగేది లోపలి నుంచి. దగ్గరికొచ్చి చూడు. గట్టిగా మాట్లాడకు."

చూశాను. గాజుకు లోపలి వైపు గుండీ అంత మేర ఆవిరి పట్టింది. కరిగింది. మళ్లీ పట్టింది... ఎవరో ఊపిరి వదులుతున్నట్టు. మూడడుగుల మందం రాతిగోడ అది.

"పాస్టరు గారికి చెప్పేస్తా."

లోపలి ఊపిరి ఆగింది.

"వింటోంది," క్రెస్విక్ గారు గుసగుసలాడారు. "నా గోడ పడదు. ఎలాగైనా నేనే నిలబెడతా."

వెంటపడి నన్ను ఆపేస్తారని భయపడి, ఆయన్ని లోపలే ఉంచి బయట తాళం వేసి పరిగెత్తాను. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ కుమిలిపోతుంటాను.

గంటలు ఆపేస్తానన్నారు పాస్టరు గారు. ఇద్దరం లాంతరుతో వచ్చేసరికి పది నిమిషాలు కూడా కాలేదు. తాళం వేసినట్టే ఉంది. ఇంకో తలుపు లేదు. బెంచీ మీద క్రెస్విక్ గారి టోపీ ఉంది. ఆయన లేరు.

లాంతరు గోడ దగ్గరికి ఎత్తాను. గాజు విరగలేదు. లోపలి వైపు ఇప్పుడు రెండుచోట్ల ఆవిరి పడుతోంది.

ఒకటి నెమ్మదిగా...

రెండోది ఆయాసపడుతూ.