ఉన్నది ఉన్నట్టు చెప్పు

ఆదివారం పొద్దున్నే అమ్మ కంట్లో చుక్కలు వేయడంకన్నా పిల్లికి స్నానం చేయించడం తేలిక అనుకుంది బొత్తాం. చిన్నప్పుడు కుట్టుడబ్బాలోంచి బొత్తాం తీసి మింగేసింది. ముప్పై దగ్గరపడుతున్నా ఆ పేరు మాత్రం వదల్లేదు.

అమ్మ శుక్లం తీయించుకుని రెండు రోజులైంది. ఒక కంటికి కట్టు, రెండో కన్ను మసక. నలపకూడదు, తడపకూడదు, ముఖ్యంగా ఏడవకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అలాంటి మనిషి సరిగ్గా ఇప్పుడే ఏడుపు సినిమా పెట్టమని కూర్చుంది.

"వీధి వీధంతా చూసి ఏడ్చింది. నేనొక్కదాన్నే మిగిలాను."

"డాక్టరుకి తెలిస్తే నన్ను తంతాడు."

"నేను చూడనులే. కళ్ళు మూసుకుని వింటా. ఏం జరుగుతోందో నువ్వు చెబుతూ ఉండు."

అమ్మ పట్టు పట్టిందంటే ఇక అంతే. తల్లీకూతుళ్ళ కుట్టుకొట్టు ఇంటి ముందుగదే. మిషన్ మీద గుడ్డ కప్పి, బొత్తాం టీవీ పెట్టింది. సినిమాలో తల్లిలేని పిల్లని పడవ నడిపే తండ్రి పెంచి పెద్దచేస్తాడు. పిల్లకి ఎక్కడో దూరాన ఉద్యోగం వస్తుంది. బొత్తాం చెబుతూ పోయింది, అమ్మ ఊ కొడుతూ వింది. ఎన్నాళ్ళకో ఇద్దరూ పనిలేకుండా పక్కపక్కన కూర్చున్నారు. హాయిగా ఉంది.

చివర్లో పిల్ల పెద్ద పడవెక్కింది. రేవులో తండ్రి ఒక్కడే మిగిలాడు.  బొత్తాంకి అమ్మ కన్ను గుర్తొచ్చింది.

"వెళ్ళలేదమ్మా. పడవ దిగి నాన్న దగ్గరికొచ్చేసింది."

అమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. "దిగొస్తే ఆ తండ్రి మాటా పలుకూ లేకుండా ఎందుకున్నాడే?"

"నువ్వు ఏడుస్తావని అలా చెప్పా."

"నా కోసమా, నీ కోసమా? ఆ నాటకాల కంపెనీ వాళ్ళు బట్టలు కుట్టడానికి రమ్మని పిలిచి నెల దాటింది. ఎందుకు జవాబివ్వలేదు?"

బొత్తాం టీవీ ఆపేసింది. "ఎలా వెళ్ళను? సూదిలో దారం ఎక్కించుకోలేవు. మొన్నామధ్య చొక్కాకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టావు. నేను పోతే కొట్టు మూతపడుతుంది. కొట్టు లేకపోతే నువ్వు బతకలేవు."

"అందుకే కదే," అంది అమ్మ. "ఇంజెక్షన్ అంటేనే పారిపోయేదాన్ని, కంటికి కత్తి పెట్టించుకున్నాను. సినిమాలు చూడ్డానికనుకున్నావా?"

 రెండేళ్ళు బతిమాలినా ఆసుపత్రి గుమ్మం తొక్కని మనిషి, ఈమధ్య తనంతట తనే ఎందుకు బయల్దేరిందో బొత్తాంకి ఇప్పుడు తెలిసింది. అమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ పెదవీ వణికింది. గబుక్కున తలెత్తి ఫ్యాను వైపు తిరిగింది.

"ఏడువు. నా వంతు కూడా నువ్వే ఏడ్చెయ్. నాకు డాక్టరు వద్దన్నాడు."

ఏడుపు మధ్యలోనే బొత్తాంకి నవ్వొచ్చింది. అమ్మ ఆమె వీపు మీద ఒక్కటి వేసింది.

"ఇక చాల్లే. సినిమా వెనక్కి తిప్పు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

బొత్తాం ముక్కు తుడుచుకుని, టీవీ పెట్టి సినిమా వెనక్కి తిప్పింది. "పడవ కదిలిందమ్మా. పిల్ల వెనక్కి చూస్తోంది."

"తండ్రో?"

"చెయ్యి ఊపుతున్నాడు."

"ఊపాలి మరి," అంది అమ్మ.