కార్మెలే అక్కకు చెప్పని మాట

పండుగ రోజు కావడంతో స్పెయిన్ ఉత్తర తీరంలోని బెర్మియో రేవులో ఎనిమిదింటికే పడవల హారన్లు మొదలయ్యాయి. మూడో అంతస్తులోని వంటగదిలో కార్మెలే కాఫీ పొయ్యి మీద పెట్టి రొట్టె కోస్తోంది. చెల్లెలు నెకానే బల్ల దగ్గర కూర్చుని, మధ్యాహ్నం ఊరివాళ్ళు తనకు చేసే సన్మానంలో చదవాల్సిన కాగితాన్ని తిరగేస్తోంది.

"ఒకప్పుడు సబ్బు రాసి జుట్టు నిలబెట్టుకునేదానివి. ఇప్పుడు దాన్ని పడుకోబెట్టడానికి మనిషిని పెట్టుకున్నావటగా?" అంది కార్మెలే.

నెకానే నవ్వబోయింది. నవ్వు రాలేదు.

స్పెయిన్‌లో ఆమె పాట మోగని పెళ్ళి లేదు. కానీ ఆ గొంతు మొదట లేచింది ఇక్కడే, పడవలు బాగుచేసే షెడ్డులో. అక్కాచెల్లెళ్ళు కలిసి పెట్టిన పంక్ బ్యాండుకి 'తుప్పు' అని పేరు. నెకానే అరుస్తూ పాడేది. కార్మెలే బేస్ గిటారు వాయించేది. పాటల్లో ప్రతి మాటా కార్మెలేదే. 1984లో మాడ్రిడ్ రికార్డు కంపెనీ నెకానే ఒక్కదాన్నే పిలిచిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ ఏడే తండ్రి జబ్బుపడి చేపలవేట మానేశాడు. కార్మెలే చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో చేరింది. ఇరవయ్యారేళ్ళుగా అక్కడే ఉంది. చూపు పోయిన తల్లినీ ఆమే చూసుకుంటోంది.

"ఏం రాసిచ్చారో చదువు, విందాం."

నెకానే గొంతు సవరించుకుంది. "ఈ రేవు నన్ను పెంచింది. పంక్ నాకు ధైర్యాన్నిచ్చింది. 1984లో కంపెనీ వాళ్ళు మా ఇద్దరిలో నన్నే ఎంచుకు..."

"ఆగిపోయావేం?"

కాగితం బల్ల మీద పడింది. "ఇది అబద్ధం అక్కా."

"ఏది?"

"ఆ కంపెనీ ఆయన ఇద్దరినీ రమ్మన్నాడు. కింద రొట్టెల కొట్టుకి ఫోన్ వచ్చినప్పుడు నేనే వెళ్ళాను కదా. అక్కకి ఇష్టం లేదు, ఇల్లు వదలదు అని చెప్పేశాను. పాటలన్నీ నీవి. నువ్వు పక్కనుంటే నన్నెవరూ చూడరని భయపడ్డాను."

కార్మెలే పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుంది. కోపగించుకుంటుందని, ఏ గిన్నో విసిరికొడుతుందని నెకానే బిగుసుకు కూర్చుంది.

"తెలుసు," అంది కార్మెలే.

"ఏం తెలుసు?"

"వారం తిరక్కుండా ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. నువ్వు అప్పటికే బస్సెక్కేశావు. 'రానన్నావటగా, ఇంకోసారి ఆలోచించుకో' అన్నాడు. అక్కర్లేదని పెట్టేశాను."

"ఎందుకు? వచ్చి ఉంటే..."

"వచ్చి ఎవరి పక్కన నిలబడనే? మాడ్రిడ్‌లో ఎవడికో నేను కావాలి. నా చెల్లెలికి వద్దు."

"ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అడగలేదే!"

"అడిగితే చెప్పేదానివే. అడక్కుండా చెప్తావేమోనని చూశాను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడల్లా కాఫీ కలిపి నీ ఎదురుగా కూర్చునేదాన్ని. నాన్నని సమాధి చేసిన రోజు చెప్తావనుకున్నాను. బహుమతుల గురించి చెప్పావు, హోటళ్ళ గురించి చెప్పావు." కార్మెలే రొట్టె ముక్కల్ని ఒక పక్కకి నెట్టింది. "ఫ్యాక్టరీలో అందరూ 'పాపం, నిన్ను వద్దన్నారట' అనేవాళ్ళు. ఊఁ అనేదాన్ని. నిన్ను దొంగని చెయ్యడం ఇష్టంలేక."

నెకానే బల్ల మీదకు వాలి ఏడ్చింది. ఈ తప్పును తనొక్కతే మోస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది. వేదికల మీద ఒంటరిగా నిలబడ్డప్పుడు అదే తన శిక్ష అనుకుని సరిపెట్టుకుంది. ఇక్కడ అక్క, ఆ నిందను రోజూ తలవంచుకుని మోసింది.

"ఇవాళ అందరి ముందూ చెప్పేస్తానక్కా. మైకులోనే."

"నోర్ముయ్. మైకులో చెబితే అదీ నీ కచేరీయే అవుతుంది. జనం నీకే చప్పట్లు కొడతారు. నాకు చెప్పావు, ఇన్నేళ్ళకి. ఆ ముక్క కాగితంలోంచి కొట్టెయ్. చాలు."

"మరి నేనేం చెయ్యను?"

కార్మెలే కుర్చీలో కూలబడింది. ఒక్కసారిగా బాగా అలిసిపోయినట్టు కనిపించింది. "అమ్మకి స్నానం చేయించు. నేను కాసేపు కూర్చుంటాను."

నెకానే ఎన్నడూ ఆ పని చేసి ఎరగదు. తల్లిని నెమ్మదిగా నడిపించుకెళ్ళి స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టింది. నీళ్ళు ఒకసారి మరీ వేడిగా, ఒకసారి మరీ చల్లగా వచ్చాయి. ఆ సన్నటి వీపు మీద రాస్తుంటే సబ్బు రెండుసార్లు ఆమె చేతిలోంచి జారింది.

ముసలావిడ తల పక్కకి తిప్పింది. "కార్మెలేవి కాదు నువ్వు."

"కాదమ్మా. నెకానేని."

"ఏడుస్తున్నావా?"

"ఊఁ."

"ఏడుస్తూనే తోముదువుగానీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

వంటగదిలోంచి కార్మెలే కేకేసింది. "చెవుల వెనకాల మర్చిపోకే! తువ్వాలు తలుపు వెనకుంది!"

"సరే అక్కా," అంది నెకానే, తల్లి చెవి వెనక్కి వేళ్ళు పోనిస్తూ.