ఒక్కరికే టేబుల్

"వెనకాల వేడి!"

వంటింట్లో టీ పోసుకుంటున్న ఆయన గబుక్కున గోడకి అతుక్కుపోయాడు. భార్య పొగలు కక్కుతున్న గిన్నె పట్టుకుని ఆయన వెనకనుంచి దూసుకుపోయింది. రెస్టారెంటు కిచెన్‌లో ఒకరి వెనక ఒకరు నడిచేటప్పుడు అలా కేకెయ్యకపోతే ఒళ్ళు కాలుతుంది. అది అక్కడి పద్ధతి. ఇక్కడున్నది ఇద్దరే అయినా, ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడికి కూడా ఆ కేక తప్పలేదు.

ఆవిడేమీ మామూలు మనిషి కాదు మరి. వీధి వీధంతా చెఫమ్మ అంటారు. నగరంలో మేటి రెస్టారెంట్లకిచ్చే అవార్డు నిరుడు ఆవిడ రెస్టారెంటుకే వచ్చింది. అప్పట్నుంచి అక్కడ టేబుల్ దొరకడం గగనమైపోయింది. పెద్ద పెద్దవాళ్ళు కూడా నెలల తరబడి కాచుకు కూచుంటారు. ఆయనకి మాత్రం ఆ బాధ లేదు, ఫ్రిజ్‌లో ఆవిడ అక్కణ్ణుంచి తెచ్చిపెట్టిన డబ్బా ఉంటుంది. డబ్బా మీద టేపు, టేపు మీద తేదీ, దాని కింద 'వేడి చేసుకోండి' అన్న రెండు ముక్కలు.

"ఇవాళ సూప్ ఉంది, చూసుకోండి," అంది చెఫమ్మ జుట్టు ముడేసుకుంటూ. "ఈ వారమంతా ఇన్‌స్పెక్షన్ గోల. అవార్డు వాళ్ళ మనిషి ఒంటరిగా, మారుపేరుతో వస్తాడు. ఎప్పుడొస్తాడో, ఎలా ఉంటాడో ఎవరికీ తెలీదు. మా వాళ్ళకి కంటిమీద కునుకు లేదంటే నమ్మండి."

"నీకు మాత్రం ఉందా ఏంటి? అది సరేగానీ, మా తమ్ముడు..."

"సాయంత్రం చెప్పండి, ప్లీజ్."

గుమ్మం దాటేసింది. సాయంత్రమట! ఆవిడ ఇల్లు చేరేసరికి వీధికుక్కలు కూడా నిద్రపోతాయి.

కూతురు గదిలోంచి తొంగి చూసింది. "చెప్పావా నాన్నా?"

"చెప్పనిస్తేగా!"

ఆయనకి బజారులో చిన్న కళ్ళద్దాల షాపుంది. తమ్ముడు వేరే ఊళ్ళో పెద్ద షాపు పెట్టి, వచ్చి చూసుకోమని ప్రాణం తీస్తున్నాడు. వెళ్తాడో లేదో ఇవాళ తమ్ముడికి తేల్చి చెప్పాలి.

"నిజంగానే వెళ్ళిపోతావా?"

"నేను లేనని మీ అమ్మకి ఎప్పుడు తెలుస్తుందంటావ్? డబ్బాలు ఖాళీ కాక ఫ్రిజ్ నిండిపోయినప్పుడు." ఆయన నవ్వాడు. కూతురు నవ్వలేదు.

"మధ్యాహ్నం అమ్మ రెస్టారెంటులో టేబుల్ గుర్తుందిగా? నా ఫ్రెండ్ వాళ్ళ నాన్న పేరు మీద బుక్ చేశా. అమ్మకి తెలిస్తే ఇంట్లోవాళ్ళకి టేబులెందుకు, ఓ కస్టమర్ పోతాడంటుంది. ఆ నీలం చొక్కా వేసుకో."

వెళ్ళేముందు ఒక్కసారి, ఆవిడ చేతి వంట పొయ్యి మీద నుంచి దిగింది దిగినట్టు తినాలని ఆయన కోరిక. అంతకుమించి ఏమీ లేదు. పెళ్ళయిన కొత్తలో ఒంటి గదిలో ఆవిడ ఆమ్లెట్ వేసేది, ఒకే ప్లేటులో ఇద్దరూ పోట్లాడుకుంటూ తినేవాళ్ళు. ఆ పోట్లాటే కావాలనిపిస్తోంది ఆయనకి ఈమధ్య.

రెస్టారెంటులో అందరూ కొత్తవాళ్ళే, ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. కిటికీ పక్కన కూచోబెట్టారు. చెయ్యి ఊరుకోక మంచినీళ్ళ గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. స్పూను అటూ ఇటూ తిప్పాడు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, గ్లాసు మీద వేలిముద్ర తుడిచేశాడు. అద్దాలు అమ్మేవాడికి అది ఊపిరి పీల్చుకున్నంత మామూలు పని. హాలు సూపర్‌వైజరు మాత్రం గుడ్లప్పగించి చూసి, కిచెన్‌లోకి పరుగెత్తాడు.

"చెఫ్, వచ్చేశాడు! ఒంటరిగా! గ్లాసు వెలుతురుకి పట్టి చూశాడు. గుడ్డ కూడా వెంట తెచ్చుకున్నాడండీ బాబూ!"

"అయిపోయాం," అన్నాడు అసిస్టెంటు.

"నోర్ముయ్," అంది చెఫమ్మ. "ఆ టేబుల్‌కి వెళ్ళే ప్రతి ప్లేటూ నేనే చేస్తా. ఎవ్వరూ చెయ్యి పెట్టకండి."

సూప్ వచ్చింది. ఇంట్లో డబ్బాలో ఉన్నదే. కానీ దీని మీద సన్నటి ఆవిరి ఉంది, పైన ఒక చిన్న ఆకు ఉంది, ప్లేటు అంచు అద్దంలా తుడిచి ఉంది. మొదటి స్పూను తాగి, వెంటనే రెండోది ముంచాడు. తలెత్తితే, ప్లేట్లు అందించే కిటికీ అవతల భార్య కనిపించింది. చేప ముక్క మీదికి వంగిపోయి, ఊపిరి బిగబట్టి, ఒక్కో చుక్కా వేస్తోంది. అది తన ప్లేటే. కనిపెట్టేసింది నన్ను, అనుకున్నాడు. ఇంత ప్రేమగా ఇంకెవరికి చేస్తుంది? ఆ చూపు తన మీద పడి ఎన్నేళ్ళయిందో! ఆయన ఫోను తీసి, రాలేను తమ్ముడూ, అని టైప్ చేశాడు. చేప రావడంతో పంపకుండానే పక్కన పెట్టాడు.

చివరగా స్వీటు ప్లేటు చెఫమ్మే స్వయంగా పట్టుకొచ్చింది. నవ్వు ముఖాన తెచ్చిపెట్టుకుని, "భోజనం ఎలా ఉందండీ?" అని వంగింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"మీరా!"

"నేనే. నీకు తెలుసుగా."

"నాకేం తెలుసు? ఇన్‌స్పెక్టర్ వచ్చాడనుకుని లోపల అందరం చచ్చి బతికాం! గ్లాసులు వెలుతురుకి పట్టి చూడ్డమేంటండీ? ఒక్క మాటంటే ఇంటికే తెచ్చేదాన్ని కదా!"

"డబ్బాలోనా?"

ఆయన స్పూను మెల్లగా కింద పెట్టాడు.

"అయితే ఇదంతా నాక్కాదన్నమాట. పిచ్చోణ్ణి, నన్ను చూసే చేస్తున్నావనుకున్నా." ఫోను తీసి రాసింది చెరిపేశాడు. "తమ్ముడు వాళ్ళ ఊరు రమ్మంటున్నాడు, షాపు చూసుకోడానికి. వెళ్తాను. పొద్దున చెబుదామనుకున్నది అదే."

"వెళ్తారా? ఊరికే అలా వెళ్ళిపోతారా?" ఆవిడ ప్లేటు ఇంకా చేతిలోనే పట్టుకుంది. "రాత్రి చెప్పొచ్చుగా! నేనొచ్చేసరికి నిద్ర నటిస్తూ పడుకుంటారు!"

"నటించడమేంటి?"

"కళ్ళజోడు పెట్టుకుని ఎవరు నిద్రపోతారండీ? రోజూ నేనేగా తీసి పక్కన పెట్టేది!"

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు తీస్తావనే పెట్టుకుంటాను. రోజు మొత్తంలో నీ చెయ్యి నాకు తగిలేది అప్పుడే."

చెఫమ్మ చేతిలో ప్లేటు టేబుల్ మీద టక్కున ఆనింది. కళ్ళ నిండా నీళ్ళు.

"మెలకువగానే ఉన్నారని నాకూ తెలుసు," అంది. "లేపితే, రేపట్నుంచి మీరే తీసేసి పడుకుంటారేమోనని భయం. అందుకే లేపలేదు. నాకూ ఆ కాసేపే కదండీ ఉన్నది."

ఇంతలో సూపర్‌వైజరు పిల్లిలా వచ్చి ఆవిడ చెవి దగ్గర గొణిగాడు. "చెఫ్, మూల టేబుల్ దగ్గర ఒకావిడ. ఒంటరిగా వచ్చింది. బల్ల కింద కూడా తడిమి చూస్తోంది. అసలు మనిషి ఈవిడే. ఈసారి పొరబడలేదు."

చెఫమ్మ మూల టేబుల్ వైపు చూసింది. గోడ మీద అవార్డు ఫలకం వైపు చూసింది. దానికోసం ఎన్ని చేతులు కాల్చుకుందో, ఎన్ని పూటలు నిలబడే తిన్నదో ఆవిడకే తెలుసు. ఏప్రాన్ ముడి విప్పి, మడిచి, కుర్చీ వెనక వేసింది.

"అసిస్టెంటుని చెయ్యమను. వాడికి నేర్పింది నేనేగా, బాగానే చేస్తాడు."

"మరి మీరు, చెఫ్?"

"నేను భోంచేస్తున్నా. ఇంకో స్పూను పట్రా."

ఎదురుగా కూచుంది. తను తెచ్చిన ప్లేటులోంచే ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. "తీపి కాస్త ఎక్కువైంది," అంది.

"ఏం ఎక్కువ కాలేదు, ఇటు తొయ్యి. అంతా నువ్వే తినేసేలా ఉన్నావు."

అంటూనే ఆయన అద్దాలు తడిసి మసకైపోయాయి. ఆవిడ చెయ్యి చాచింది. పట్టపగలు, అంతమంది చూస్తుండగా, ఆ కళ్ళజోడు మెల్లగా తీసింది. ఆయన గుడ్డతోనే తుడవడం మొదలుపెట్టింది.

"మెలకువగానే ఉన్నారుగా?"

"ఉన్నా," అన్నాడాయన. "తొందరేం లేదు. నిదానంగా తుడువు."