కొంగు పట్టుకున్న పిల్ల

చొల్లంగి అమావాస్య నాడు తెల్లవారేసరికే బుల్లెమ్మ పులిహోర కలిపి క్యారేజీ సర్దేసింది. వాకిట్లో ముగ్గు ఇంకా ఆరనే లేదు, కారు వచ్చి హారను కొట్టింది.

"దుర్గా! జడ ఇంకా అవలేదా అమ్మా? వెళ్ళేది స్నానానికి, పేరంటానికి కాదు!"

"వచ్చేస్తున్నానండి అత్తయ్యగారూ."

అరుగు మీద పేపరు చదువుకుంటున్న చంద్రరావు కళ్ళజోడు పైనుంచి భార్యని చూశాడు. "దుప్పట్లు, ఫ్లాస్కు, గొడుగులు... ఆ గేదెని మాత్రం ఎందుకు వదిలేస్తున్నావే? డిక్కీలో పడుతుందేమో చూడు."

"మీరు రానన్నారుగా, మీకు తోడుంచుతున్నాను. ఒకళ్ళనొకళ్ళు చూసుకోండి."

కొడుకు ఉదయభాస్కర్ నవ్వుకుంటూ సంచులు కారెక్కించాడు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు ఉద్యోగం అతనిది. ఇన్నాళ్ళు సెలవు దొరకడమే గగనమైంది. కానీ తల్లి పట్టుపడితే కాదనడం అతనికి చిన్నప్పటినుంచీ చేతకాదు. కోడలు దుర్గాశ్రీ తలుపు దగ్గర చెప్పులేసుకుని, మామగారికి చెప్పి, వెనక సీట్లో కూర్చుంది.

గోదావరి ఏడు పాయలుగా చీలి ఏడు చోట్ల సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమాలన్నిటిలో వరసగా మునిగితే పిల్లలు లేనివాళ్ళకి కడుపు పండుతుందని ఆ ప్రాంతంలో తరతరాల నమ్మకం. సప్తసాగర యాత్ర అంటారు. చొల్లంగిలో మొదలుపెట్టి, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ముగించాలి. మధ్యలో ఆపితే మొదటికే మోసం. మనవడో మనవరాలో ఇంట్లో తిరగాలని బుల్లెమ్మ ఎక్కని గుడిమెట్టు లేదు. చివరికి ఈ యాత్ర మొక్కుకుంది.

చొల్లంగిలో ఇసుక వేస్తే రాలనంత జనం. పంతులుగారు దంపతులని మోకాటి లోతు నీళ్ళలో నిలబెట్టి కొంగుముడి వేశారు. గోత్రం అడిగారు, పేర్లు అడిగారు.

"సంతానం ఎందరమ్మా?"

భాస్కర్ తల దించుకున్నాడు. దుర్గాశ్రీ పెదవులు కదిలాయి. ఆమె నోట్లోంచి మాట వచ్చేలోపే ఒడ్డు మీంచి బుల్లెమ్మ గట్టిగా అంది. "లేరండి! అందుకేగా వచ్చాం."

అది నిజం కాదు. మూడేళ్ళ కిందట రాజమండ్రిలో దుర్గాశ్రీకి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. అద్దాల పెట్టెలో ఉంచారు. పదకొండో రోజు పురుడు కూడా రాకుండానే కన్నుమూసింది. బారసాల జరగని బిడ్డకి పేరేమిటి, కర్మలేమిటి అన్నారు పెద్దలు. భాస్కరే తీసుకెళ్ళి కొబ్బరితోట చివర పూడ్చి వచ్చాడు. "ఇక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకండి" అంది బుల్లెమ్మ. ఎత్తలేదు. అడిగిన ఊరివాళ్ళకి "కడుపు నిలవలేదు" అని చెప్పింది. ఆ ముక్క అంటూ అంటూ, చివరికి తనే నమ్మేసింది.

స్నానం అయ్యాక గట్టు మీద బజ్జీలు వేస్తున్న మరిడమ్మ అనే ముసలామె దగ్గర ఆగారు. మరిడమ్మ ముగ్గురికీ కాగితాల్లో బజ్జీలు పెట్టి ఇచ్చి, నాలుగో కాగితం తీసింది.

"పాపకి కారం లేనిది వెయ్యనాండి?"

"ఏ పాపకే?" అంది బుల్లెమ్మ.

"అదిగోనండి, మీ కోడలుగారి కొంగు పట్టుకుని నిలబడిందిగా. ముందు ఆ తల తుడవండమ్మా, నీళ్ళు కారిపోతన్నాయి. జలుబు చేసుద్ది."

బుల్లెమ్మ వెనక్కి తిరిగి చూసింది. దుర్గాశ్రీ ఒక్కతే ఉంది. జనంలో ఎవరి పిల్లో అయ్యుంటుందిలే అనుకుంది. అయినా ఆ బజ్జీ గొంతు దిగలేదు.

రెండో స్నానం కోరంగి దగ్గర. అక్కడ ఇంతమంది లేరు. సిమెంటు మెట్ల మీద ఎండ పడి పొడిగా ఉంది. కొడుకూ కోడలూ తడిబట్టలతో ఎక్కి వెళ్ళాక, బుల్లెమ్మ వాళ్ళ వెనకే నడిచింది. మెట్ల మీద రెండు జతల తడి పాదముద్రలు. కోడలి పాదం పక్కన మరో పాదం. అరచేతిలో ఇమిడేటంతది. వేళ్ళు కూడా తెలుస్తున్నాయి. ఆమె కన్నార్పకుండా చూస్తుండగానే ఆ చిన్న పాదాలు మాత్రం ముందు ఆరిపోయాయి. పెద్దవాళ్ళవి తడిగానే మిగిలాయి.

"ఏంటమ్మా, అలా నిలబడిపోయావు? కళ్ళు తిరుగుతున్నాయా?" భాస్కర్ వెనక్కొచ్చాడు.

"ఏం లేదురా. ఎండ."

తీర్థాలమొండికి పడవలో వెళ్ళాలి. పడవ నడిపే పల్లంరాజు సముద్రం మీద నలిగిన మనిషి. ఎవరిని ఎక్కడ కూర్చోబెడితే పడవ నిలకడగా ఉంటుందో చూసి సర్దుతున్నాడు. బుల్లెమ్మనీ భాస్కర్‌నీ ఒక పక్కనా, దుర్గాశ్రీని రెండో పక్కనా కూర్చోబెట్టాడు. ఇంజను తిప్పబోతూ ఆగాడు.

"అమ్మా, పాపని అంచు మీద కూర్చోనివ్వకండి. మధ్యలోకి లాక్కోండి."

బుల్లెమ్మ చప్పున అటు తిరిగింది. "పాపేంటయ్యా? ఉన్నది ముగ్గురమేగా!"

పల్లంరాజు ఒకసారి దుర్గాశ్రీ పక్కన ఖాళీగా ఉన్న చెక్క వైపు చూశాడు. తర్వాత కళ్ళు దించేసుకున్నాడు.

"ఆయ్. పొరపాటైందండి."

"పొరపాటేంటి? ఏం చూశావో చెప్పు!"

"నీళ్ళ మీద బతికేవాళ్ళమండి. కనపడినవన్నీ బయటికి అనకూడదని మా నాన్న చెప్పేవాడు. నోరు జారాను, వదిలెయ్యండి."

అతను ఇంజను తిప్పాడు. పడవ కదిలింది. ఇటుపక్క ఇద్దరున్నారు, అటుపక్క దుర్గాశ్రీ ఒక్కతే. అయినా పడవ దారిపొడుగునా ఆమె వైపుకే ఒరిగి నడిచింది. దుర్గాశ్రీ ఎడమచెయ్యి పక్కనున్న చెక్క మీద ఆనించి ఉంది. ఊరికే ఆనించినట్టు లేదు. ఎవరినో పడిపోకుండా పట్టుకున్నట్టుంది. ఆమె మొహం చూసి బుల్లెమ్మ ఇంకా భయపడింది. ఈ మూడేళ్ళలో కోడలు అంత ప్రశాంతంగా ఉండగా ఎన్నడూ చూడలేదు.

బతికుంటే దానికి ఈపాటికి కొంగు పట్టుకుని తిరిగే వయసు. ఆ లెక్క తన మనసులోకి ఎలా వచ్చిందో బుల్లెమ్మకే తెలియలేదు. వచ్చాక పోలేదు.

ఆఖరిది తప్ప మిగతా స్నానాలు కూడా ఒకటొకటిగా అయ్యాయి. బుల్లెమ్మ ఎవరితోనూ మాట కలపడం మానేసింది. ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే, పాప మాట ఎత్తుతారేమోనని తప్పుకుని పోయేది. ఏకాదశికి ముందు రోజు మధ్యాహ్నం అంతర్వేదిలో సత్రం గదికి చేరారు. కొడుకూ కోడలూ గుడికి వెళ్ళారు. బుల్లెమ్మ కోడలి స్నానాల చీర ఆరేద్దామని దులుపుతుంటే కొంగు చివర గట్టి ముడి ఒకటి చేతికి తగిలింది. పంతులుగారు వేసిన పసుపుకొమ్ము, వక్కల ముడి కాదది. దాని వెనకగా, లోపలి వైపు ఉంది.

విప్పింది. మెత్తటి పాతగుడ్డలో నిమ్మకాయంత మూట. అందులో నల్లటి ఒండ్రుమట్టి. తమ తోటలోని మట్టి. దాన్ని గుర్తుపట్టడానికి బుల్లెమ్మకి క్షణం పట్టలేదు.

చీర ఇంకా నీళ్ళు కారుతోంది. మట్టి మాత్రం పొడిగా ఉంది. ఇన్ని నదుల్లో, ఇన్ని సముద్రాల్లో ముంచినా తడి అంటలేదు. పైగా గోరువెచ్చగా ఉంది. నిద్రపోతున్న పసిపిల్ల అరికాలు పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా.

తలుపు తోసుకుని వాళ్ళిద్దరూ లోపలికొచ్చేసరికి ఆమె మూట అరచేతిలో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఏంటే ఇది?"

దుర్గాశ్రీ తడబడలేదు. "మన పాపండి."

"పూడ్చిన మట్టి కొంగున కట్టుకుని పుణ్యస్నానాలా! బుద్ధుందా నీకు? మైల కదే! యాత్ర మొత్తం మంటగలిపావు కదే! దారిపొడుగునా జనానికి పాప ఉందని చెప్పింది కూడా నువ్వేనా?"

"నేనెవరికీ చెప్పలేదండి."

"మరి వాళ్ళెందుకలా అంటున్నారు?"

"కనపడుతోందేమోనండి. నాకు మాత్రం కనపడదు. కొంగు బరువు తెలుస్తుందంతే."

బుల్లెమ్మ కొడుకు వైపు తిరిగింది. "భాస్కర్! ముందు దీన్ని తీసుకెళ్ళి దూరంగా పారేసిరా. నీకు దణ్ణం పెడతాను."

భాస్కర్ కదల్లేదు. "ఆ మట్టి తెచ్చిచ్చింది నేనేనమ్మా."

"నువ్వా!"

"పూడ్చాక వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యమని చెప్పి పంపావు. చూశానమ్మా. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు తోట పక్కనుంచి వెళ్ళలేక చుట్టూ తిరిగి వెళ్తున్నాను. నీకు తెలుసా?"

బయట మైకులో గోవిందనామాలు వినిపిస్తున్నాయి. దుర్గాశ్రీ వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర కింద కూర్చుంది.

"అత్తయ్యగారూ, ప్రతి రేవులోనూ పంతులుగారు పిల్లలెందరని అడుగుతున్నారు. ప్రతిచోటా మీరు లేరు లేరని చెబుతున్నారు. అది వింటోందండి."

"ఊరుకోవే..."

"ఉన్నదాన్ని లేదన్న ఇంటికి ఇంకో బిడ్డ ఎలా వస్తుందండి? ఏ ధైర్యంతో వస్తుంది? నేను మిమ్మల్ని ఏనాడూ ఎదిరించలేదు. కానీ రేపు ఆఖరి స్నానానికి మాత్రం ఆ మాట మీద దిగను. నా కూతురు లేదని చెప్పుకుని నేను నీళ్ళలో మునగలేనండి. మీరు కోప్పడినా సరే, మా పుట్టింటికి పంపేసినా సరే."

"మీ అందరి మంచికే కదే నేను... ఆ మాట ఎత్తితే నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకున్నానండి. పది నిమిషాలైనా ఒళ్ళో పెట్టుకున్నాను. మీరే హాస్పిటల్ వరండా దాటి లోపలికి రాలేదు."

నిజమే, బుల్లెమ్మ లోపలికి వెళ్ళలేదు. నర్సు రెండుసార్లు పిలిచింది. చూస్తే మర్చిపోలేనని భయపడి, వరండాలో గోడ వైపు తిరిగి నిలబడింది. ఊళ్ళో అబద్ధం ఆడింది కోడలి కోసం కాదు. తన కోసం.

మూట కోడలి చేతిలో పెట్టేసి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కుంది. ఎన్ని నీళ్ళు పోసినా అరచేతిలో ఆ వెచ్చదనం పోలేదు.

ఏకాదశి ఉదయం అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఒక పక్క వశిష్ఠ గోదావరి చప్పుడు లేకుండా వస్తోంది, ఇంకో పక్క సముద్రం హోరుమంటోంది. దుర్గాశ్రీ వచ్చింది గానీ నీళ్ళలోకి దిగలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. భాస్కర్ పక్కన నిలబడ్డాడు.

"దంపతులు రండమ్మా, సంకల్పం చెప్పుకుందాం. సంతానం ఎందరు?" పంతులుగారు కేకేశారు.

భార్యాభర్తలిద్దరూ బుల్లెమ్మ వైపు చూశారు.

"కాసేపాగండి పంతులుగారూ," అంది బుల్లెమ్మ.

నీళ్ళ అంచుకి నడిచి తడి ఇసుకలో చతికిలబడింది. చీర మోకాళ్ళ పైకి లాక్కుని, కాళ్ళు రెండూ దగ్గరగా బారజాపింది.

"ఇలా ఇవ్వు దుర్గా."

"అత్తయ్యగారూ!"

"పడుకోబెట్టవే తల్లీ. దీపానికి తెచ్చిన నువ్వుల నూనె ఉంది కదా, అదీ తీసుకురా. తలకి నూనె పెట్టకుండా పసిదానికి నీళ్ళెలా పోస్తాం?"

దుర్గాశ్రీ మూట తెచ్చి అత్తగారి కాళ్ళ మీద పెట్టింది. నిమ్మకాయంత మూట కాళ్ళ మీదకి వచ్చేసరికి బరువెక్కింది. ఇంటికి తెచ్చుకున్న పసిపిల్ల బరువు. ఆ బరువుకి బుల్లెమ్మ మడమలు ఇసుకలో దిగబడ్డాయి. భయం వేయలేదు. లేచి పారిపోవాలనిపించలేదు. గుడ్డ విప్పి, వేలితో నూనె అద్ది, మెల్లగా రాసింది.

"పేరేం పెట్టావే?"

"సాయిదుర్గ అండి." ఆ పేరు పైకి అనడం దుర్గాశ్రీకి అదే మొదటిసారి. అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది.

"సాయిదుర్గా... నా తల్లే... ముసలిదాన్ని, నీ దగ్గరికి రావడానికి ఇంతకాలం పట్టిందే..." బుల్లెమ్మ కళ్ళ నీళ్ళకి ఎదురుగా ఏమీ ఆనలేదు. దోసిట్లో సంగమం నీళ్ళు తీసుకుని పోసింది. ఇన్ని స్నానాల్లో తడవని మట్టి అప్పుడు తడిసింది. నల్లటి చిన్న ధార ఆమె కాళ్ళ మీంచి జారి నీళ్ళ వైపు సాగింది.

ఎవరో చుట్టూ మూగారు. పంతులుగారు దగ్గరికొచ్చారు. "ఏమిటమ్మా ఇది? ఎవరికి పోస్తున్నారు?"

"మా మనవరాలికండి. మావాడి పెద్దకూతురు. మీ సంకల్పంలో ముందు దాని పేరు చదవండి."

బిడ్డకి నీళ్ళు పోయడం అయ్యాక ఆఖరి దోసిలి చుట్టూ తిప్పి దీవించాలి. బుల్లెమ్మ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "శ్రీరామరక్ష... నూరేళ్ళ..." అక్కడితో ఆగిపోయింది. భాస్కర్ పక్కన కూలబడి తల్లి భుజం పట్టుకున్నాడు.

చూస్తున్న ఆడవాళ్ళలోంచి ఎవరో తెలియని ఒకావిడ, చంకలో తడిబట్టలతో, కంగారుగా ముందుకొచ్చింది.

"అమ్మా, పెద్ద అల వస్తోందండి! పాప మొహానికి చెయ్యి అడ్డం పెట్టండి!"

బుల్లెమ్మ తలెత్తి ఎవరని చూడలేదు. వంగి, చెయ్యి అడ్డం పెట్టింది.