ప్రతిష్ఠకు ముందే తెరిచిన కళ్ళు

“ఇంట్లో కూచోని చేసేదాన్ని ఉద్యోగమంటారా పాపా? మొగం తెలీని మనిషి లెటర్ పంపిస్తాడు, ల్యాప్‌టాప్ కొరియర్‌లో వస్తాది. రేపు పోలీసులు ఇంటికొస్తే నేనేం చెప్పాల?”

కమలాక్షమ్మ భయం తీరాలంటే కూతురు వర్షిణి నిజం చెప్పాలి. చెప్పకూడదు. తల్లికి తెలిసినంతవరకు అది కస్టమర్ కేర్ ఉద్యోగం. నిజానికి ఆ ఉదయం తొమ్మిదింటికి, ఆళ్లగడ్డలోని ఆ మేడమీది గదిలో, దేశ గూఢచారి విభాగపు మొట్టమొదటి రిమోట్ ఏజెంట్ లాగిన్ అయింది. కోడ్ నేమ్: గడప.

హెడ్‌సెట్‌లో ఢిల్లీ నుంచి చీఫ్ శశిధర్ బ్రీఫింగ్ ఇచ్చాడు. నంద్యాల శివార్లలో రక్షణ పరిశోధన కేంద్రం. అక్కడి హాల్లో ఆళ్లగడ్డ శిల్పి చెక్కిన సరస్వతి విగ్రహం. పదకొండింటికి నలభై మంది శాస్త్రవేత్తల ఎదుట తెర తీసి చూపుతారు. ప్రతిష్ఠ మాత్రం రాబోయే శుక్రవారం. ఒక విదేశీ ముఠా అక్కడ ఏదో తలపెట్టిందని సమాచారం. ఫీల్డులో ఏజెంట్ చందన ఉంటుంది. వర్షిణి ఇంటినుంచే కెమెరాలు చూడాలి. తలుపుల లాకులు కూడా ఆమె కీబోర్డు మీదే.

“ప్రొబేషన్లో ఉన్నావు. ఒక్క తప్పు చేసినా అదే చివరి లాగౌట్,” అన్నాడు.

10:50. స్క్రీన్ మీద చందన. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, పన్నెండేళ్ళ సర్వీసు. చేతి గాజులో దాచిన స్కానర్‌ను విగ్రహం చుట్టూ తిప్పి, క్లియర్ అంది.

అప్పుడే కాఫీ గ్లాసుతో వచ్చిన కమలాక్షమ్మ స్క్రీన్ చూసి ఆగిపోయింది. తలుపు గడియ పెట్టుకోవాలన్న ఆఫీసు రూలు ఆ ఇంట్లో చెల్లదు. గడియ పెడితే లోపల బిడ్డకేమైందోనని తల్లికి గుండెదడ.

“ఈ అమ్మకు అప్పుడే కండ్లు తెరిచినారేందీ? ప్రతిష్ఠ కాకముందే తెరిస్తే కీడు పాపా.”

శిల్పి విగ్రహమంతా చెక్కుతాడు, కళ్ళు మాత్రం ప్రతిష్ఠ వేళకే తెరుస్తాడు. శిల్పుల ఊరు ఆళ్లగడ్డలో పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. వర్షిణి జూమ్ చేసింది. నల్లటి కనుపాపలు గాజులా మెరుస్తున్నాయి.

“చందన మేడమ్, ఆ కళ్ళు ఎవరు తెరిచారు?”

“శిల్పే. నా ముందే, మీ ఆళ్లగడ్డలోనే. ఎంత కళగా ఉన్నాయో చూడు,” అంటూ చందన తెర వేయించి, గాజు సర్దుకుని, తలుపు వైపు నడిచింది.

విగ్రహం మారిపోయిందని, చందన అబద్ధమాడుతోందని, కార్యక్రమం ఆపమని వర్షిణి చెప్పింది. శశిధర్ మండిపడ్డాడు. మూఢనమ్మకాన్ని ఇంటెలిజెన్స్ అనుకోవద్దన్నాడు. చందన ఫైల్లో మచ్చ లేదన్నాడు. లాకుల జోలికి పోతే ఉద్యోగం పోయినట్టే అన్నాడు.

కోపమొస్తే వర్షిణికి ఆఫీసు భాష రాదు.

“సార్, మీరు ఆడ ఫైలు చూస్తాండారు. నేను ఈడ విగ్రహం చూస్తాండా. ఉద్యోగం పోతే పోనీ.”

10:58. లోపల ప్రమాదం ఉంటే, అదేమిటో తెలిసిన మనిషి చందన ఒక్కతే. ఆమె లోపలే చిక్కుకుంటే తన ప్రాణం కోసమైనా నోరు విప్పుతుంది. వర్షిణి ఎంటర్ నొక్కింది. హాలు తలుపులన్నీ లాక్ అయ్యాయి.

చందన హ్యాండిల్ గుంజింది. మళ్ళీ గుంజింది. విగ్రహం దగ్గర కేంద్రం డైరెక్టర్ తెర తాడు పట్టుకున్నాడు. శాస్త్రవేత్తలు ముచ్చటగా లెక్కపెడుతున్నారు. ఐదు, నాలుగు, మూడు, రెండు...

“తాడు లాగొద్దు. వెలుగు తగిలితే పేలుతుంది,” అని చందన కేక పెట్టింది.

విగ్రహం లోపల బాంబు, ఆ కళ్ళేమో కనుపాపల్లా దిద్దిన కాంతి సెన్సర్లు. తెర పడ్డాక చందన గాజు నొక్కి వాటిని మేల్కొల్పింది. అసలు విగ్రహం ఫొటో చూసి నకలు చేసిన ముఠా, కళ్ళు పెట్టడం శిల్పి మరిచిపోయాడనుకుని, సెన్సర్లకు అదే మంచి చోటనుకుంది. బాంబు స్క్వాడ్ ఆ తెర చాటు చీకట్లోనే వైర్లు తెంచింది.

హెడ్‌సెట్ మూగబోయింది. ఐదు నిమిషాలు. పది. వర్షిణి పలకరించినా ఉలుకు లేదు. కమలాక్షమ్మ హెడ్‌సెట్ లాక్కుంది.

“సార్, నేను వర్షిణి వాళ్ళమ్మను. మా పాపను ఉంచుకుంటాండారా, తీసేస్తాండారా? తీసేస్తే నష్టం మీకే.”

అవతల శశిధర్ గొంతు సవరించుకున్నాడు.

“ఉంచుకుంటున్నామమ్మా. కానీ మీ పాప ‘గదిలో ఒంటరిగా పనిచేస్తాను’ అని ఫారంలో రాసిచ్చింది. అదొక్కటి దిద్దించండి.”