తొమ్మిది చుక్కల తాళం

"గట్ల కాదు అశ్రితా, బిడ్డా. మీ అన్న మంచోడని ముందుగాలనే రాస్తే ఎవలు నమ్ముతరు? ఆ పిల్ల దుకాణంలకొచ్చి లొల్లి పెట్టిన కాడికెల్లి రాయి. నేను మెల్లగ చెప్త," అంది శ్రవణ్ తల్లి.

ఆ రోజు మేడ్చల్‌లో జోరు వాన. శ్రవణ్ మొబైల్ రిపేరు దుకాణంలోకి తడిసిన చున్నీ పిండుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. పేరు అనూహ్య. తూంకుంటలో కొత్త కాలనీ వాళ్లది.

"మా అమ్మ ఫోన్‌లో చుక్కలు కలిపే ప్యాటర్న్ మార్చి మర్చిపోయిందండీ. లాక్ తీసిపెట్టండి."

"బిల్లున్నదా మేడమ్?"

"అంటే? దొంగలా కనిపిస్తున్నానా?"

"దొంగలైతే గింత కోపానికి రారు. అడుగుడు మా పద్ధతి."

ఆమె బిల్లు తీసి బల్ల మీద కొట్టింది. శ్రవణ్ లాప్‌టాప్ తెరిచాడు. నెట్‌లో ఎవరో ఊరికే పెడితే దించుకున్న అన్‌లాక్ సాఫ్ట్‌వేర్ అది; దొంగ కాపీ అని తెర మీదే కనిపిస్తోంది.

"మరి దీనికుందా బిల్లు?"

శ్రవణ్ కేబుల్ కోసం సొరుగులో వెతికాడు. గౌడవెల్లి కూలీల మూలపడిన ఫోన్లు ఎన్నిటినో బతికించింది ఆ సాఫ్ట్‌వేరే. దాన్ని దించుకున్న మర్నాడు వైరస్ పట్టి మూడు రోజులు దుకాణం మూయించిందీ అదే.

కేబుల్ తగిలించాడు. "మొత్తం చెరిగిపోతుంది, సరేనా?" అని తెర అడిగింది. సరే అంటే అయిదు నిమిషాల్లో ఫోను తెరుచుకుంటుంది. ఈ కోపం మొహం నవ్వుతుంది. వేలు మౌస్ మీదికి పోనే పోయింది.

"ఇండ్ల ఏమున్నయి మేడమ్?"

"మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు. కిందటేడు పోయింది. ఆ పాటలు ఇంకెక్కడా లేవు."

శ్రవణ్ చటుక్కున కేబుల్ లాగేశాడు. "నాతోని కాదు. లాక్ తీస్తే పాటలు పోతయి."

"అందరూ అయిదు నిమిషాల పనన్నారు!"

"అందరు పాటల ముచ్చట అడిగిండ్రా?"

అనూహ్య ఫోను చేతిలోకి తీసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి శ్రవణ్ షట్టరు దించాడు. "పదుండ్రి, మీ అమ్మతోని మాట్లాడుత."

తూంకుంటలో ఆమె తల్లి లలితకుమారి బెంగగా కూర్చుని ఉంది. "ఎన్నిసార్లు గీసినా తప్పే బాబూ. ఫోను చూస్తేనే అంతా మర్చిపోతున్నాను."

వరండాలో పొద్దున వేసిన ముగ్గు మీద శ్రవణ్ చూపు ఆగింది.

"ఫోన్ పక్కకు పెట్టుండ్రి ఆంటీ. ముగ్గుపిండితోని వరుసకు మూడు లెక్క మూడు వరుసలు చుక్కలు పెట్టుండ్రి. ఏం యాది చేసుకోకుంట, చెయ్యి ఎటు పోతే అటు గీయుండ్రి."

లలితకుమారి వంగింది. గీత పై మూల నుంచి జారి, పక్కకు తిరిగి, నడిమి చుక్క మీదుగా పైకెక్కి ఆగింది.

"అయ్యో! మా అమ్మ నేర్పిన మొదటి ముగ్గే కదే ఇది!"

అనూహ్య అదే దారిన ఫోను మీద వేలు నడిపింది. తెరుచుకుంది. పాట పెట్టగానే అమ్మమ్మ గొంతు వరండా అంతా నిండింది. లలితకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి శ్రవణ్ తల మీద పెట్టింది.

గేటు దాకా అనూహ్య వచ్చింది. "ఆ దొంగ సాఫ్ట్‌వేర్ తీసేస్తారా?"

"తీసేస్త. సూసిపోనీకి వస్తరా?"

"వారం వారం వస్తాను. నాకు మీ మీద నమ్మకం లేదు."

"గట్లనే ఉండనియ్యుండ్రి. నమ్మకం కుదిరితే రారేమో."

ఆమె వచ్చింది, ఒక్క వారం తప్పకుండా. మొన్న మాత్రం లాప్‌టాప్ వైపు చూడనే లేదు.

"చెకింగ్ లేదా ఇయ్యాల?"

"తీసేశారని మొదటి వారమే తెలుసు," అంది తల వంచుకుని.

"రాసినవా బిడ్డా? మా పిల్లగాన్ని సక్కని తొవ్వల పెట్టింది ఆ పిల్ల. గామెకు, గామెను కన్నోళ్లకు దండం. వాళ్ల నాయిన యజ్ఞనారాయణ సారు కాకినాడల నౌకరి మీదున్నడు. పెండ్లి ముచ్చటెత్తితే, లాకులు తీసేటోనికి పిల్లనెట్ల ఇస్తమని పరేషాన్ అయితాండట. జల్దీ ఫోన్ జేసి, గిదంత సారుకు సదివి వినిపియ్యి."