మీ నోటితో చెప్పండి

"రేపు రండి" అంది ఫోనులో మగగొంతు, హలో అయినా అనకుండా.

"ఎక్కడికండీ వచ్చేది? నేను క్లినిక్ నుంచి మాట్లాడుతున్నాను."

"ఓ, క్లినిక్కా! అయితే ఎల్లుండి రండి."

కౌంటరులో ఉన్న అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గొంతును ఆమె గుర్తుపట్టింది. పోయిన వారం, "రేపు పొద్దున రక్తపరీక్ష ఉంది, మర్చిపోకండి" అని గుర్తుచేయడానికి ఫోన్ చేస్తే, ఈ గొంతే "సరే సరే, రేపే" అని పెట్టేసింది. ఆమె కూడా నమ్మి రిజిస్టరులో టిక్కు కొట్టుకుంది. తీరా చూస్తే పేషెంటు వచ్చింది వారం ఆలస్యంగా, ఈ పొద్దున.

ఆ క్లినిక్కులో వైద్యం డాక్టరుగారిది, మిగిలిన సంసారమంతా ఈమెది. అపాయింట్‌మెంట్లు ఇవ్వాలి, బీపీ పట్టీ కట్టాలి, బిల్లు కొట్టాలి, ఒక్క అంకె తేడా వచ్చిందని బీమావాళ్ళు తిప్పికొట్టిన కాగితాల్ని సరిచేసి మళ్ళీ వాళ్ళ మొహానే కొట్టాలి, ప్రింటరు అలిగితే బుజ్జగించాలి. అన్నీ ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. పనిమీద ఆమెకెంత పట్టో చూసి నర్సక్క 'రూల్సమ్మ' అని పేరు పెట్టింది. "ఇంటికొచ్చిన చుట్టాల్ని కూడా ఫారం నింపందే కూర్చోనిచ్చేలా లేదు" అని వాళ్ళమ్మ నవ్వుతుంది.

ఆ రూల్సమ్మ రూల్సన్నిటికీ పెద్ద రూలు ఒకటుంది. ఫైల్లో ఉన్నది మనం చదివి, "ఇదేనా?" అని అడగకూడదు. పేషెంటు నోటితోనే చెప్పించాలి. ఎందుకంటే క్లినిక్కుకి వచ్చిన మనిషికి తలకాయ ఉన్నదే ఊపడానికి. పాత అడ్రసు చదివినా ఊపుతాడు, పక్కవాడి పుట్టినరోజు చదివినా ఊపుతాడు.

కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్ళకీ ఈ పాఠం చెప్పే ఆమే ఈ పొద్దున తప్పింది. ఎనిమిది మంది క్యూలో నిలబడి ఉన్నారు, ప్రింటరు కాగితం నమిలేసింది, ఆ హడావిడిలో, వారం ఆలస్యంగా వచ్చిన ఆ దర్జీ మాస్టారిని "అన్నీ అవేనా మాస్టారూ?" అనేసింది. ఆయన తల ఊపాడు. "అవేనమ్మా."

ఇప్పుడాయన రిపోర్టు బల్లమీద ఉంది. ఆయన గుండెకోసం రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటాడు. రక్తం ఎంత పల్చబడిందో చెప్పే అంకె మూడు దాటకూడదు. ఆరున్నర ఉంది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి, "ఈ పూట మాత్ర కడుపులో పడకూడదు. రేపు పొద్దున్నే నా దగ్గరుండాలి. పొద్దస్తమానం కత్తెరా సూదీ పట్టుకునే మనిషి, చిన్న గీత పడితే ఆగదు" అన్నారు.

మాస్టారు మాత్ర వేసుకునేది రాత్రి ఎనిమిదింటికి. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"చూడండి, హాస్యాలాడే టైం కాదు. ఎవరు మీరు?"

"ఈ నంబరుగల వాణ్ణండీ. మూడు నెలలైంది తీసుకుని. నేను లిఫ్టులు బాగుచేస్తాను. తీసుకున్న రోజునుంచీ చొక్కా అయిందా, ప్యాంటు అయిందా అని ఒకటే ఫోన్లు. రాంగ్ నంబరంటే, 'అబద్ధాలాడకండి మాస్టారూ' అని తిట్లు. విసుగెత్తి ఓ రోజు 'రేపు రండి' అన్నాను. కిక్కురుమనకుండా పెట్టేశారు! దర్జీ అన్నాక ఆ మాటే అంటాడు కదండీ, ఒక్కడికీ అనుమానం రాలేదు."

ఇంకో రోజైతే పడి పడి నవ్వేదే. ఇప్పుడు చూపంతా గడియారం మీదే ఉంది. ఫైల్లో ఉన్న అడ్రసుకు క్లినిక్ ఆయాని పంపితే, ఆ కొట్టు ఖాళీచేసి చాన్నాళ్ళయిందని కబురు తెచ్చింది. 'అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి' అన్న గడి ఖాళీ. "నాకెవరున్నారమ్మా, వదిలెయ్" అని ఏడాది క్రితం మాస్టారన్నాడు, ఆమె వదిలేసింది. ఆమె ఫైళ్ళన్నిటిలోనూ ఖాళీ గడి అదొక్కటే.

"ఎక్కడున్నారు మీరు?"

"మీ వీధి మొదట్లో, ఐదంతస్తుల మేడ దగ్గర. లిఫ్టు గుంటలో."

"పైకి ఎక్కి రండి. పది నిమిషాల్లో క్లినిక్‌లో ఉండాలి."

"నాకు జబ్బేం లేదండీ!"

"ఉంది. 'రేపు రండి' జబ్బు. మీ ఫోను కావాలి నాకు."

పన్నెండు నిమిషాలకు వచ్చాడు. బయట చినుకులు మొదలయ్యాయి. జుట్టుమీద నీళ్ళు, చేతులకు గ్రీజు, చెంపమీద కూడా గ్రీజు గీత. ఫోనులో అంత వెటకారంగా వినిపించిన గొంతుకు ఇలాంటి కళ్ళుంటాయని ఆమె అనుకోలేదు. ఆ చూపు చూస్తే తప్పుచేసి తనే చెప్పేసుకునేవాడిలా ఉన్నాడు.

అతనూ అనుకోలేదు. ఫోనులో కొరడాలా తగిలిన గొంతు, చెవి వెనక పెన్ను పెట్టుకున్న పిట్టంత మనిషిదని. కాసేపు వచ్చినపని మర్చిపోయి ఆ పెన్ను వంకే చూశాడు.

"పన్నెండు నిమిషాలు" అంది ఆమె.

"లిఫ్టు పనిచెయ్యట్లేదండీ. నేనే బాగుచేస్తున్నాను కదా."

నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

"ఇంతకీ పేషెంటెవరండీ?"

"చెప్పకూడదు."

"దర్జీ మాస్టారే కదా?"

"నేను అవునన్లేదు."

"కాదని కూడా అన్లేదు. ఆయనకేమైంది?"

"అసలు చెప్పకూడదు. ఇంకో మూడు గంటల్లో ఆ మనిషిని నేను కలవాలి. అదొక్కటే చెప్పగలను."

అతని మొహం మారిపోయింది. "పోయిన వారం ఫోన్ చేసింది మీరేనా? నేను రేపే అన్నది... దానివల్లేనా?"

ఆమె అబద్ధం ఆడదు, నిజం చెప్పకూడదు. అతనే అర్థంచేసుకుని ఫోను తీసి కౌంటరుమీద పెట్టాడు. "నంబర్లన్నీ ఉన్నాయి. పదండి, అందరికీ కొడదాం."

కొట్టారు. మొదటావిడ, "నా కోటు సంగతి తేల్చాకే ఏ మాటైనా" అంది. రెండో ఆయన, "ఇంకెన్ని రేపులయ్యా?" అని చడామడా దులిపేశాడు. మూడో ఆయన మాస్టారి కొత్త కొట్టు తనకూ కావాలని, దొరికితే చెప్పమని బతిమాలాడు. అలా ఒక్కొక్కరికీ కొడుతూ ఏడు కావచ్చింది. నర్సక్క మాటిమాటికీ తలుపులోంచి తొంగిచూసి గడియారం చూసుకుంటోంది. అడక్కుండానే టీ తెచ్చిపెట్టింది, ఇద్దరికీ.

"వీళ్ళంతా బట్టలిచ్చినవాళ్ళు" అంది రూల్సమ్మ హఠాత్తుగా. "ఆయనతో కలిసి పనిచేసేవాళ్ళెవరైనా చేశారా? చొక్కా అయిందా అని కాదు. అయిందని చెప్పేవాళ్ళు?"

అతను నుదురు కొట్టుకున్నాడు. గ్రీజు అక్కడా అంటింది. "ఉందండీ! ఒక పెద్దావిడ. 'కాజాలయ్యాయి, పట్టుకెళ్ళు' అంటుంది. ఇవాళ పొద్దున కూడా చేసింది."

చొక్కాలకు ఇంటిదగ్గరే కాజాలు కుట్టి బొత్తాలు వేసిచ్చే ఆవిడ అది. ఫోన్ ఎత్తగానే విషయం విని, నోరెత్తనివ్వలేదు.

"అయితే ఇన్నాళ్ళూ రేపు రేపన్నది నువ్వా, అబ్బాయ్! ఆయనేమో తనంతట తనే వచ్చి పట్టుకెళ్తున్నాడు, చెప్పిన రోజు రాడేంట్రా అనుకుంటున్నా. కొత్త కొట్టా? లాండ్రీ వెనక, ఇనపమెట్లెక్కితే పైగది. ఎలాగూ వెళ్తున్నావుగా, దారిలోనే మా ఇల్లు. నలభై చొక్కాలున్నాయి, అవీ పట్టుకెళ్ళు. ఊరికే ఆడుకున్నావు కదా నాతో!"

డాక్టరుగారు చీటీమీద రాసి సంతకం పెట్టిచ్చారు. నర్సక్క కౌంటరులో కూర్చుంటూ, "కబురు ఆ అబ్బాయికిచ్చి పంపరాదూ? వాన ముంచుకొస్తోంది" అంది, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"పేషెంటు కబురు పేషెంటుకే, నా నోటితోనే చెప్పాలి" అంది రూల్సమ్మ, చీటీని ప్లాస్టిక్ కవరులో దోపుకుంటూ.

వాన దంచికొట్టింది. బండిమీద ముందు అతను, వెనక ఆమె, మధ్యలో ప్లాస్టిక్ గుడ్డలో చుట్టిన నలభై చొక్కాలు. ఇంతకన్నా బందోబస్తుగా ఏ ఆడపిల్లనీ ఏ మగపిల్లాడూ బండెక్కించుకుని ఉండడు.

"పట్టుకోండి!" అని అరిచాడు మలుపులో.

"చొక్కాల్ని పట్టుకున్నాను!"

"అదృష్టం చొక్కాలది!"

వానలో వినపడనట్టు చొక్కాల మూట సర్దుకుంది. చెవులు మాత్రం వేడెక్కాయి.

ఇనపమెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. ఎనిమిదికి పావుగంట తక్కువ. పైగదిలో మాస్టారు మిషను మీద గుడ్డకప్పి, కంచం ముందు కూర్చోబోతున్నాడు. మర్చిపోకుండా ఉండటానికి మాత్ర ముందే తీసి బొత్తాల డబ్బా మూతమీద పెట్టుకున్నాడు. తెల్లటి మాత్ర, చొక్కా బొత్తాంలాగే ఉంది.

ఆమె ఒక్క అంగలో వెళ్ళి దానిమీద అరచెయ్యి పెట్టేసింది. "వద్దు మాస్టారూ! ఈ పూట ఇది వద్దు!"

విషయమంతా పక్కకు తీసుకెళ్ళి చెప్పి, చీటీ చేతికిచ్చి, రేపు పొద్దున ఎన్నింటికి రావాలో చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. తిరిగి ఆయన నోటితో చెప్పించింది. రెండుసార్లు.

మాస్టారు కళ్ళజోడు పైకెత్తి, తడిసి ముద్దయిన ఇద్దర్నీ చూశాడు. "దీనికోసం ఇంత వానలో పడొచ్చారా తల్లీ? ఒక ఫోన్ కొట్టొచ్చుగా!"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. అప్పటిదాకా బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి బద్దలైంది. నవ్వి నవ్వి ఆమె మెట్లమీద కూలబడిపోయింది.

"పాత ఫోన్ నీళ్ళల్లో పడిందమ్మా, నంబరు మారింది. నువ్వు అవేనా అంటే అవేనన్నా. నా మాత్రల గురించనుకున్నా."

"మీ తప్పు కాదు మాస్టారూ, నాది. అలా అడక్కూడదు. మీ కొత్త నంబరు మీరే చెప్పండి."

ఆయన చెప్పాడు, ఆమె రాసుకుంది. "అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి?"

"చెప్పాగా తల్లీ, నాకెవరున్నారు..."

"నాది రాయండి" అన్నాడు లిఫ్టబ్బాయి, గుమ్మంలోంచి. "కొత్తగా రాసే పనికూడా లేదు. ఫైల్లో ఉన్నదే, మాస్టారి పాత నంబరు. ఆయన గిరాకీలకి 'రేపు రండి' అంటున్నది నేనే. ఆ గడిలోంచి ఈ గడిలోకి దించితే చాలు."

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశాడు. "నా బదులు రేపు రండి అన్నది నువ్వేనా? మూడు నెలల్లో ఒక్క గిరాకీ పోలేదు. పనికొచ్చేవాడివే. రాసుకో తల్లీ."

తర్వాత మూడు వారాలు, వారానికోసారి పరీక్ష. ప్రతిసారీ మాస్టారిని బండిమీద తెచ్చేది అతనే. ముందురోజు రూల్సమ్మ మాస్టారికి ఫోన్ చేసి గుర్తుచేసేది. ఆ వెంటనే ఇంకో నంబరుకి కూడా చేసేది.

"అత్యవసరమైతే కదే ఆ నంబరుకి చేసేది?" అని నర్సక్క దీర్ఘం తీసింది. "ఇదేం రూలే?"

"కొత్తది. నేనే పెట్టాను."

మూడో వారం రిపోర్టు వచ్చింది. రెండున్నర. డాక్టరుగారు మాస్టారి భుజం తట్టి, "ఇక నెలకోసారి వస్తే చాలు" అన్నారు. మాస్టారి మొహం వెలిగిపోయింది. పక్కనున్నవాడి మొహం ఫ్యూజు పోయిన లిఫ్టులా అయింది.

మాస్టారు బయటికి నడిచినా, అతను కౌంటరు వదల్లేదు.

"ఇంకేమైనా కావాలా?" అంది ఆమె, కీబోర్డుమీంచి కళ్ళెత్తకుండా.

"నెలకోసారేనటండీ."

"మంచిదేగా."

"మంచిదే. అంటే... మీకు తెలుసు కదా."

"ఏది?"

"అదేనండీ. మీకు తెలిసిందే. అంతే కదా? అవునా?"

ఆమె చెవి వెనక పెన్ను తీసింది. నేరుగా అతని కళ్ళలోకి చూసింది. క్యూలో ఉన్న ఆరుగురూ మాటలాపేశారు.

"నేను చదివి వినిపించి, 'ఇదేనా' అని అడిగే పద్ధతి ఈ కౌంటర్లో లేదు. ఒకసారి తప్పాను, తెలిసొచ్చింది. మీ నోటితో చెప్పండి."

అతను గొంతు సవరించుకున్నాడు. ఐదంతస్తుల గుంటలోకి తాడు పట్టుకుని దిగేవాడు కౌంటరు అంచు గట్టిగా పట్టుకున్నాడు. కానీ చెప్పాడు. తడబడకుండా, అందరికీ వినిపించేలా.

"మీరంటే నాకిష్టం. మీ ఫోన్ వస్తుందని మంగళవారం కోసం వారమంతా ఎదురుచూస్తున్నాను. మిమ్మల్ని పెళ్ళిచేసుకుంటాను, మీకిష్టమైతే. ఇంకెవరు ఫోన్ చేసినా రేపు రండి అంటానేమో గానీ, మీరు పిలిస్తే ఇప్పుడే వస్తాను. అన్నీ అయ్యాయి. ఏ గడీ ఖాళీ లేదు."

గుమ్మం దగ్గర టేపు మెళ్ళో వేసుకుని నిలబడ్డ మాస్టారు, "కోటు కొలత ఇప్పుడే తీసేస్తా, రా బాబూ" అన్నాడు.

"ఆగండి మాస్టారూ" అంది ఆమె. రిజిస్టరు తిప్పింది. తాపీగా ఒక పేజీ, ఇంకో పేజీ. తలెత్తింది.

"రేపు రండి."

అతను బిక్కమొహం వేశాడు. మూడు నెలలు ఊరందరికీ తను చెప్పిన మాట తిరిగొచ్చి తనకే తగిలింది.

"రేపు సాయంత్రం ఆరింటికి" అంది ఆమె, పెదవి చివర నవ్వు దాచుకోలేక. "మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది. అడ్రసు చెప్తాను, రాసుకోండి. రాసుకున్నాక..."

"మళ్ళీ నా నోటితో చెప్పాలి" అన్నాడతను.